రికార్డులో 98 శాతం, కొట్టాల్లో తట్టు: టీకా అందని పిల్లలు ఎక్కడున్నారు?

డాక్టరు గారూ, మీ ప్రశ్న చదివాక రెండు రోజులు అదే ఆలోచన. కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) కొత్తగా చేరారు. ఆన్‌లైన్‌లో మీ టీకాల కవరేజి 98 శాతం చూపిస్తోంది. అయినా ఊరికి దూరంగా ఉన్న కొట్టాల్లో ఏడుగురు పిల్లలకు తట్టు పోసింది, వాళ్ళలో ఐదుగురికి ఒక్క ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) డోసు కూడా పడలేదు. రాష్ట్రం మొత్తం మీద టీకాల శాతం పెరగాలంటే ఏం చేయాలి, టీకా వేయించని పిల్లల్ని బడిలో చేర్చుకోకూడదని చట్టం తెస్తే పనవుతుందా అని అడిగారు.

నేను 1988లో విశాఖ ఏజెన్సీలో ఏఎన్‌ఎంగా, అంటే సబ్‌సెంటర్ నర్సుగా చేరాను. తర్వాత సూపర్‌వైజరుగా, చివర్లో జిల్లా స్థాయిలో పబ్లిక్ హెల్త్ నర్సింగ్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో టీకా వద్దని తలుపు వేసుకున్న ఇళ్ళు నాకు గుర్తున్నాయి, ఎందుకంటే అవి తక్కువ. టీకా పడని పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు వద్దన్నవాళ్ళు కారు. ఆ బిడ్డ పేరు మన జాబితాలో లేదు, అంతే. లేదా ఒక ఊళ్ళో ఉంది, బిడ్డ మాత్రం ఇంకో ఊళ్ళో ఉంది. మీ కొట్టాల్లో ఐదుగురి సంగతీ ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

ముందు మీ 98 సంగతి చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి కార్డు చూసి, కార్డు లేకపోతే తల్లిని అడిగి లెక్క వేస్తారు. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో బీసీజీ (క్షయ టీకా), మూడు పోలియో, మూడు పెంటా (ఐదు జబ్బుల టీకా), ఒక తట్టు టీకా పూర్తయినవాళ్ళు 2015-16లో ఆంధ్రప్రదేశ్‌లో 65 శాతం, 2019-21లో 73 శాతం. తెలంగాణలో 68 దగ్గర నుంచి 79కి పెరిగింది. అదే సర్వేలో దేశం సగటు 76. తమిళనాడు 89 దగ్గర ఉంటే ఒడిశా 90 దాటింది. మనకంటే పేద రాష్ట్రం, మనకంటే ఎక్కువ కొండలు, అడవులు ఉన్న రాష్ట్రం ఒడిశా. కాబట్టి "మా దగ్గర ఏజెన్సీ ఉంది, వలసలు ఉన్నాయి" అని మనం చెప్పుకునే కారణాలు నిలబడవు.

ఇంటికెళ్ళి చూస్తే 73 ఉన్నది ఆఫీసులో 98 ఎలా అవుతుంది? పైన ఎంతమందికి వేశామో రాస్తాం, కింద ఎంతమంది ఉండాలో రాస్తాం. ఆ కిందిది జనాభాను బట్టి వేసిన అంచనా. మీ సబ్‌సెంటర్లవారీగా విడగొట్టి చూడండి. ఒకదానిలో 115 శాతం, పక్కదానిలో 70 కనిపిస్తే ఆశ్చర్యపోకండి. రెండూ కలిపితే సగటు బాగానే ఉంటుంది. తట్టు వైరస్‌కి సగటుతో పని లేదు. టీకా పడని పిల్లలు పది మంది ఒకే చోట ఉంటే దానికి చాలు. తట్టు ఆగాలంటే ప్రతి ఊళ్ళో, ప్రతి కొట్టంలో నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలని అనేది అందుకే.

ఇప్పుడు మన తెలుగిళ్ళకే ప్రత్యేకమైన ఒక సంగతి చెప్తాను. దీన్ని ఏ ట్రైనింగ్‌లోనూ నాకు ఎవరూ చెప్పలేదు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. గర్భిణిగా పేరు నమోదయ్యేది అత్తగారి ఊళ్ళో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్తుంది. అక్కడి ఆసుపత్రిలో కాన్పు, పుట్టగానే బీసీజీ, పోలియో, 24 గంటల లోపు హెపటైటిస్-బి అన్నీ పడతాయి. ఆరు వారాలకు, పది వారాలకు పుట్టింటి ఊరి నర్సమ్మే వేస్తుంది. తర్వాత మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచి రోజు చూసి, సారె పెట్టి, బిడ్డతో అత్తారింటికి పంపుతారు. పద్నాలుగు వారాల డోసు సరిగ్గా ఆ ప్రయాణం చుట్టూ పడుతుంది. పుట్టింటి ఊరి ఏఎన్‌ఎం రిజిస్టరులో "అత్తగారి ఊరు వెళ్ళినది" అని రాసి గీత కొట్టేస్తుంది. అత్తగారి ఊరి ఏఎన్‌ఎం రిజిస్టరులో తల్లి పేరు ఎదురుగా "కాన్పుకు పుట్టింటికి వెళ్ళినది" అని ఉంటుంది, బిడ్డకు వరసే ఉండదు. ఇద్దరూ రాసింది నిజమే. ఇద్దరి మధ్యా బిడ్డ జారిపోతుంది.

1993లో నా సబ్‌సెంటర్ ఊళ్ళలో ఒక దానిలో అలా జారిపోయిన బిడ్డ తట్టుతో చనిపోయింది. పద్నాలుగు నెలల పాప. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి ఇంట్లోనే ఉంచారు. నాలుగో రోజుకి డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోందని నాకు కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. జీపు దొరికి బయల్దేరాం, దారిలోనే పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి రిజిస్టరు తీశాను. ఆ ఊరి పేజీలో తట్టు టీకా గడులన్నీ నిండి ఉన్నాయి. ఆ పాప పేరు మాత్రం ఏ పేజీలోనూ లేదు. అంతకు ముందు నాలుగు నెలల్లో ఆ వీధిలోకి రెండుసార్లు వెళ్ళి టీకాలు వేసి వచ్చాను, ఆ ఇంటి గుమ్మం ముందు నుంచే. నా దగ్గర ఉన్న పేర్లను పిలిచాను, లేని పేరు కోసం అడగలేదు. అప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ నేను మొదట అడిగేది ఒకటే: "ఈ ఇంటికి కొత్తగా వచ్చిన పసిపిల్లలు ఎవరైనా ఉన్నారా? ఎవరింటి బిడ్డయినా సరే."

మీరు రేపే చేయగలిగిన పని ఇది. మీ ఏఎన్‌ఎంల చేత రెండు జాబితాలు రాయించండి. మన ఊరి కోడళ్ళు ఎవరెవరు కాన్పుకు వెళ్ళారు, ఏ ఊరికి, ఎప్పుడొస్తారు అనేది ఒకటి. మన ఊరి ఆడపిల్లలు ఎవరెవరు కాన్పుకు వచ్చారు, ఎప్పుడు వెళ్తారు అనేది ఇంకొకటి. బిడ్డ వెళ్ళే రోజున అవతలి ఊరి ఆశాకు ఫోన్ చేసి చెప్పాలి. యూ-విన్‌లో (టీకాల నమోదు యాప్‌లో) బిడ్డ పేరు తల్లి ఫోన్ నంబరుతో ఎక్కిస్తే ఎక్కడికెళ్ళినా డోసు వేసి నమోదు చేయవచ్చు, నిజమే. కానీ మన దగ్గర ఆ నంబరు సగం మందికి భర్తది ఉంటుంది, ఆయన బెంగళూరులో ఉంటాడు. మెసేజ్ ఆయనకి వెళ్తుంది. అందుకని యాప్ ఉన్నా ఫోన్ చేసి చెప్పడం మానకండి.

మీ వైపు ఇంకో పెద్ద కారణం వలస. పత్తి పని అయ్యాక కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరపకోతకు గుంటూరు వైపు వెళ్తాయి, ఉగాది ముందు తిరిగొస్తాయి. తొమ్మిది నెలల డోసు ఆ నాలుగు నెలల్లో పడాల్సిన బిడ్డకి ఎవరు వేస్తారు? మా వైపు ఇది ఇటుక బట్టీల దగ్గర చూశాను. ఒడిశా నుంచి వచ్చిన కూలీలు, బట్టీ పక్కనే పచ్చి ఇటుకల గోడలు, మీద తాటాకు. ఒకసారి ఒక తల్లి బియ్యం డబ్బాలో నుంచి పాలిథిన్ కవరు తీసి, అందులో నుంచి ఒడియాలో ఉన్న కార్డు తీసి నా చేతిలో పెట్టింది. నాకు ఒడియా రాదు, కానీ గడులు అవే, తేదీలు అంకెల్లోనే ఉన్నాయి. మూడో పెంటా పడలేదు. నెల ముందు ఆమె దగ్గర్లోని ఒక సెంటర్‌కి వెళ్తే "మీ ఊళ్ళో వేయించుకో" అని పంపేశారట. అలా పంపేయమని ఏ రూలూ లేదు. మన ముందు నిలబడ్డ బిడ్డ మన బిడ్డే. బట్టీల దగ్గర, మిరప తోటల దగ్గర, రోడ్డు పనుల దగ్గర ఎవరున్నారో నెలకోసారి చూసే బాధ్యత ఆ ఊరి ఏఎన్‌ఎంకి మైక్రోప్లాన్‌లో (ఎవరు ఎక్కడికి వెళ్ళాలో రాసే ప్లాన్‌లో) రాసి ఇవ్వాలి. మేస్త్రీ నంబరు ఉంటే సగం పని అయినట్టే, ఎవరు ఎప్పుడు కదులుతారో ఆయనకే తెలుసు.

ఇక సెషన్ దగ్గర మనం చేసే తప్పొకటి. ఎంఆర్ వయల్ (మందు సీసా) ఐదు డోసులది, కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. ఒక్క బిడ్డే వస్తే "వయల్ వేస్టవుతుంది, వచ్చే వారం రా" అంటారు. ఆ తల్లికి ఒక రోజు కూలి పోయింది, ఎండలో రెండు మైళ్ళు నడిచి వచ్చింది. వచ్చే వారం ఆమె రాదు. ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తెరవాలనే గైడ్‌లైన్స్ చెప్తున్నాయి. కానీ వేస్టేజి ఎక్కువైందని రివ్యూ మీటింగ్‌లో నిలబెట్టి అడిగితే ఏ ఏఎన్‌ఎం తెరుస్తుంది చెప్పండి? డాక్టరు గారూ, మీ మీటింగ్‌లో ఆ ప్రశ్న వేయనివ్వకండి.

కోల్డ్ చైన్, అంటే టీకాల్ని చల్లగా ఉంచే ఏర్పాటు గురించి ఎక్కువ రాయను, ఈ-విన్ అనే ఆన్‌లైన్ లెక్క వచ్చాక స్టాకు, ఉష్ణోగ్రత లెక్కలు చాలా మెరుగయ్యాయి. ఒక్క మాట. మన ఎండలకి అందరూ వేడి గురించే భయపడతారు. పెంటా, హెపటైటిస్-బి, పీసీవీ (న్యుమోనియా టీకా), ఐపీవీ (పోలియో ఇంజెక్షన్) గడ్డకడితే పాడవుతాయి, బయటికి మామూలుగానే కనిపిస్తాయి. డీప్ ఫ్రీజర్‌లో నుంచి తీసిన ఐస్ ప్యాక్‌ని వెంటనే టీకాల క్యారియర్‌లో పెట్టకూడదు. చెమట పట్టేదాకా బయట ఉంచి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి, అప్పుడు పెట్టాలి. పొద్దున్నే వెళ్ళి ఒకసారి నిలబడి చూడండి.

భయం సంగతి. పెంటా వేశాక ఆ రాత్రి బిడ్డకు జ్వరం వస్తుంది, తొడ మీద వాపు వస్తుంది, ఏడుస్తుంది. అత్తగారు కోడల్ని అంటుంది: "బంగారంలాంటి బిడ్డని తీసుకెళ్ళి సూది పొడిపించుకొచ్చావు." తర్వాతి డోసు అక్కడే ఆగిపోతుంది. ఆ రాత్రి ఏమవుతుందో తల్లికీ, కుదిరితే అత్తకీ ముందే చెప్పాలి. ఏ టీకా వేశాం, ఏం రావచ్చు, వస్తే ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త. ఇవి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అరగంట కూర్చోబెట్టాలని ఎలాగూ ఉంది, ఆ అరగంట అందుకే వాడుకోవాలి. మర్నాడు ఆశా ఆ ఇంటికి వెళ్ళి "రాత్రి నిద్రపోయాడా?" అని అడిగితే ఆ ఇల్లు మళ్ళీ టీకా మానదు. ఇది నేను వందల ఇళ్ళలో చూశాను.

2019 మార్చిలో హైదరాబాద్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. టీకా తర్వాత జ్వరానికి ఇవ్వాల్సిన పారాసెటమాల్ బదులు ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్రలు ఇచ్చారు. పసిపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణాలు కూడా పోయాయి. టీకాలో ఏ దోషమూ లేదు. కానీ కన్నవాళ్ళకు గుర్తుండేది "సూది వేయించాక పోయింది" అనే. ఇలాంటిది ఎక్కడ జరిగినా, అనుమానం వచ్చినా, ఆ రోజే డాక్టరు ఆ ఇంటికి వెళ్ళాలి. జరిగింది దాచకుండా చెప్పాలి. మూడు రోజులు ఆలస్యమైతే చుట్టుపక్కల ఊళ్ళన్నీ చేయి జారిపోతాయి.

మీ అసలు ప్రశ్న, చట్టం. నాకు అది సరైన దారి అనిపించదు. మీ కొట్టాల్లోని ఐదుగురికి టీకా పడకపోవడం మన తప్పు. దానికి శిక్షగా వాళ్ళకి బడి కూడా లేకుండా చేస్తామా? బడిలో చేర్చుకునేటప్పుడు కార్డు అడగడం మాత్రం తప్పకుండా చేయాలి. చేర్చుకోవడానికి అడ్డంగా పెట్టకుండా, పడని డోసులు అక్కడే వేసేయడానికి. అయిదారేళ్ళకు పడాల్సిన డీపీటీ బూస్టర్ మన దగ్గర బాగా తప్పిపోయేది, ఎందుకంటే ఆ వయసుకు తల్లి దృష్టిలో టీకాల కాలం అయిపోయింది. కంఠసర్పితో (డిఫ్తీరియా) హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి బడి వయసు పిల్లలు ఎందుకొస్తున్నారంటే ఈ బూస్టర్లు లేకే. అలాగే పదహారు నెలలు దాటాక వేసే రెండో ఎంఆర్. తొమ్మిది నెలలకు "తట్టు సూది అయిపోయింది" అనుకుంటారు. అంగన్‌వాడీ టీచరు దగ్గర ఆరేళ్ళ లోపు పిల్లలందరి పేర్లూ ఉంటాయి. ఆమె రిజిస్టరూ, మీ ఏఎన్‌ఎం డ్యూ లిస్టూ (టీకా పడాల్సిన పిల్లల జాబితా) పక్కపక్కన పెట్టి నెలకోసారి చదవండి. రెండింట్లోనూ లేని పిల్లలు ఆశాకు తెలుస్తారు. టీచరు, ఏఎన్‌ఎం, ఆశా ముగ్గురినీ ఒక చాప మీద కూర్చోబెట్టడం కంటే మంచి సాఫ్ట్‌వేర్ నేను చూడలేదు.

చట్టం కంటే చిన్న సాయం బాగా పని చేస్తుంది. రాజస్థాన్ ఉదయ్‌పూర్ పల్లెల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పరిశోధన ఉంది, 2010లో వచ్చింది. ఏమీ చేయని ఊళ్ళలో పూర్తి టీకాలు పడిన పిల్లలు 6 శాతం. ప్రతి నెలా తప్పకుండా క్యాంపు పెట్టిన ఊళ్ళలో 18. క్యాంపుతో పాటు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక స్టీలు కంచాలు ఇచ్చిన ఊళ్ళలో 39. చెప్పిన రోజుకి క్యాంపు తప్పకుండా ఉండటం వల్లే శాతం మూడింతలు అయింది చూడండి. ఆ పప్పు కూలి పోయిన రోజుకి ఇచ్చిన మర్యాద. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ సొమ్ములో రెండు వాయిదాలను మూడున్నర నెలల టీకాలకు, తొమ్మిది నెలల టీకాకు ముడిపెట్టారు. అక్కడ పెరిగిన శాతంలో దీని వాటా ఉందనే నేను నమ్ముతాను. కాకపోతే డబ్బు సమయానికి పడాలి. ఏడాది తర్వాత పడితే తల్లికి టీకాకీ డబ్బుకీ సంబంధం తెలియదు.

రాష్ట్ర స్థాయిలో ఎవరైనా నన్ను అడిగితే మొదట ఏఎన్‌ఎం ఖాళీలు నింపమంటాను, ఆశాలకు పారితోషికం నెలనెలా ఇవ్వమంటాను. తర్వాత పల్స్ పోలియో పద్ధతిని మామూలు టీకాలకు తెమ్మంటాను. పోలియో చుక్కలప్పుడు ప్రతి ఇంటి గోడ మీదా సుద్దతో పి అనో ఎక్స్ అనో రాసేవాళ్ళం. బిడ్డ దొరకని ఇల్లు ఎక్స్. సాయంత్రం మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళేవాళ్ళం. బస్టాండులో, రైల్వే స్టేషన్లో, సంతలో బూత్ ఉండేది. 2011 జనవరి తర్వాత దేశంలో వైల్డ్ పోలియో (టీకా నుంచి మారినది కాని, అసలు వైరస్) కేసు రాలేదంటే ఆ ఎక్స్ ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళడం వల్లే. 2016లో హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి మారిన రెండో రకం పోలియో వైరస్ కనిపిస్తే జూన్‌లో ఒక్క వారంలో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ వేశారు. చేయగల శక్తి మనకుంది. రోజూ చేసే పనికి ఆ పట్టుదల పెట్టడం లేదు.

పట్నాల సంగతి వేరే రాయాలి, ఇక్కడ ఒక్క మాట: పనికెళ్ళే తల్లులున్న బస్తీలో పగలు పదకొండింటికి సెషన్ పెడితే ఎవరొస్తారు? సాయంత్రం పెట్టాలి, ఆదివారం పెట్టాలి.

ఇప్పుడు మీ కొట్టాల దగ్గరికి వస్తాను. తట్టు వచ్చిన ఏడుగురికీ విటమిన్-ఎ వయసుకు తగ్గ డోసు వరుసగా రెండు రోజులు ఇచ్చారో లేదో చూసుకోండి. రక్తం శాంపిల్ వెళ్ళిందో లేదో కనుక్కోండి. తర్వాత మీరే ఒక రోజు పొద్దున ఏడింటి లోపు వెళ్ళండి, ఎనిమిదయితే ఎవరూ ఉండరు. ఒక చివర ఇంటి నుంచి మొదలుపెట్టి ఇంకో చివరి దాకా ఐదేళ్ళ లోపు ప్రతి బిడ్డ పేరూ మీ చేత్తో రాసుకోండి. కార్డు లేకపోతే ఎడమ బుజం మీద బీసీజీ మచ్చ చూడండి. అందరికీ ఉండాలని లేదు, కానీ చాలామందికి ఉంటుంది. మచ్చ ఉండి ఎంఆర్ లేని బిడ్డను మనం మధ్యలో వదిలేశాం. మచ్చ కూడా లేని బిడ్డ మనకు ఎప్పుడూ కనిపించలేదు. ఏ రకం ఎంతమందో తెలిస్తే మీ పీహెచ్‌సీలో తప్పు ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

తాళం వేసిన ఇళ్ళు కూడా రాసుకోండి, పక్కింటివాళ్ళను అడిగి పిల్లల పేర్లతో సహా. వాళ్ళంతా ఉగాదికి వస్తారు. పండగ మర్నాడు సాయంత్రం ఆరింటికి, కొట్టాల మధ్యలో రామాలయం అరుగో వేపచెట్టో ఉంటే అక్కడే, ఒక సెషన్ పెట్టించండి. ముందు రోజు టముకు వేయించండి. ఎంఆర్ వయల్స్ మీ లెక్క కంటే నాలుగు ఎక్కువే పట్టుకెళ్ళండి, పక్క ఊళ్ళ నుంచి పండక్కి వచ్చిన ఆడపిల్లల పిల్లలు కూడా ఉంటారు.